తలుపు లేని ప్లాను

ముప్ఫై ఒక్క రోజులుగా తను నవ్వడం లేదన్న సంగతి, యూనివర్సిటీవాళ్ళు ఫోన్ చేసి చెప్పేదాకా అతనికి తెలీదు.

ఫోన్ చేసింది బస్సు పాసుల మేడమ్. పదిహేనేళ్ళుగా ఆవిడ పని విద్యార్థుల బస్సు పాసుల మీద ముద్ర కొట్టడం. మహమ్మారి వచ్చి బస్సులు ఆగిపోయాయి. ముద్ర ఖాళీ, మేడమూ ఖాళీ. ఇళ్ళలో తెరల ముందు కూర్చుని చదివే పిల్లలకి మనసులు చెడిపోతున్నాయని అదే వారం పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది గనక, ఖాళీగా ఉన్న మేడమ్‌ని తీసుకెళ్ళి మనసుల మీద కూర్చోబెట్టారు. దానికి 'మనోబలం సెల్' అని పేరు పెట్టారు. ఆవిడ మనసుని కూడా పాసులాగే చూసేది. ఫొటో అంటించారా, తేదీ దాటిందా, అంతే.

"బాబూ, తినడం లేదట, నిద్రపోవడం లేదట, నవ్వడం లేదట. ఏదీ, ఒకసారి నవ్వు, వింటాను," అంది ఆవిడ.

కడుపునిండా తిని, క్లాసు జరుగుతుండగానే రెండు గంటలు గుర్రుపెట్టి, అప్పుడే లేచిన కుర్రాడతను. ఆవలింత మధ్యలో ఆపుకుని, ఈ పుకారు ఎవరు పుట్టించారని అడిగాడు. అతని తోడే ఫారంలో పెట్టిందనీ, ముప్ఫై ఒక్క రోజులూ వరసగా కాదు, కాదు, కాదు అని ఉందనీ మేడమ్ చెప్పింది. అతను చేతనైనట్టు ఒక నవ్వు నవ్వి వినిపించాడు. అది దగ్గులాగా ఉందని, టెస్టు చేయించుకోమని సలహా ఇచ్చి ఆవిడ ఫోన్ పెట్టేసింది.

తోడు అంటే ఏమిటో చెప్పాలి. యూనివర్సిటీ పెద్దలు ఏసీ గదిలో మూడు రోజులు ఆలోచించి కనిపెట్టిన పథకం అది. వరసగా ఉన్న రోల్ నంబర్లని ఇద్దరిద్దరిగా జత కట్టారు. రోజూ పది నిమిషాలు ఒకరికొకరు ఫోన్ చేసుకోవాలి. అవతలివాళ్ళ గురించి ఫారం నింపాలి. మీ తోడు తిన్నారా? నిద్రపోయారా? కెమెరా ఆన్ చేశారా? ఇంట్లోవాళ్ళతో మాట్లాడారా? నవ్వారా? అవును, కాదు అని రెండే గడులు. నింపితే ఐదు మార్కులు. మనిషి మనసుని ఐదు ప్రశ్నల్లో తేల్చినందుకు ఆ పెద్దలు ఒకరినొకరు అభినందించుకున్నారు కూడా.

మన కుర్రాడికి క్లాసులో 'మ్యూట్' అని పేరు. మొదటి సెమిస్టర్‌లో సారు ఒక ప్రశ్న అడిగితే, మైకు ఆన్ చేసుకోకుండా పదకొండు నిమిషాలు ఏకధాటిగా జవాబు చెప్పాడు. అంత గొప్ప జవాబు ఆ యూనివర్సిటీలో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదట. ఒక్కరూ వినలేదు గనక ఒక్కరూ తప్పు పట్టలేదు.

అతని తోడుగా పడిన అమ్మాయి పేరు 'డౌట్'. సారు నోరు తెరిచేలోపే "సార్, ఒక డౌట్" అనేది. ఒకసారి హాజరు పిలుస్తుండగా కూడా అడిగిందని చెప్పుకునేవాళ్ళు.

మ్యూట్ ఆమెకి ఒక్క రోజైనా ఫోన్ చేయలేదు. ఒక మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని సెమిస్టర్ మొత్తానికీ ఫారాలు నింపి పారేశాడు. వచ్చే నెల పదిహేడో తారీఖున ఆమె నవ్విందని ఈ నెల మూడో తారీఖునే రాసేశాడు. జాతకాలు చెప్పేవాళ్ళు కూడా అంత ధైర్యం చేయరు. యూనివర్సిటీ కంప్యూటరు మాత్రం భేషుగ్గా తీసుకుంది.

ఆ రోజు కోపంతో మొదటిసారి ఆమె నంబరు నొక్కాడు. కోపం వస్తే మర్యాద పెరిగే రకం అతను.

"మీరు నా మీద పగబట్టారా?"

"ఎవరు?"

"మీ తోడునండీ."

"ఓ, నువ్వా. మ్యూట్ తీసేశావే."

"నేను నవ్వడం లేదని మీకెవరు చెప్పారు?"

"నవ్వుతున్నావని కూడా ఎవరూ చెప్పలేదు. ముప్ఫై ఒక్క రోజుల్లో ఒక్కసారి ఫోన్ చేశావా? తెలియదు అని పెట్టడానికి గడి లేదు. అందుకని కాదు అని పెట్టాను. ఇంతకీ నా గురించి నువ్వేం పెట్టావు?"

"అన్నీ అవునే," అన్నాడతను, దానం చేసినవాడిలా.

"అయితే నేను రోజూ నవ్వుతున్నానన్నమాట. మంచిదే," అని ఫోన్ పెట్టేసింది. ఆ గొంతు ఎలా ఉందో అతను గమనించలేదు. ఆ వయసు మగపిల్లలకి చెవులు ఇయర్‌ఫోన్లు తగిలించుకోవడానికి మాత్రమే మొలుస్తాయి.

వాళ్ళు చదివేది సివిల్ ఇంజనీరింగు. మామూలు రోజుల్లో సర్వే ప్రాక్టికల్ అంటే ఎండలో గొలుసులు లాగి, ముళ్ళలో నడిచి, భూమిని కొలవాలి. ఇప్పుడు భూమి మీద అడుగు పెట్టకూడదు గనక, ఎవరి ఇల్లు వాళ్ళు కొలుచుకుని ఆ అంకెలు తోడుకి పంపాలనీ, తోడు ఆ ఇంటిని చూడకుండానే ప్లాను గీయాలనీ సర్వే సారు ఆజ్ఞాపించాడు. బయట కదలకుండా ఉండే ఏదో ఒక వస్తువు దాకా కొలత వేసి, ప్లానుని దానికి ముడిపెట్టాలి. గడువు శుక్రవారం. చూడకుండా ఇల్లు గీయించిన సారు, అడగకుండా నవ్వు రాయించిన యూనివర్సిటీకి తగినవాడే.

ఆదివారం పొద్దున ఆమె కొలతలు వచ్చాయి. వాళ్ళ నాన్న టైలరు. ముందు షాపు, వెనక ఇల్లు, మేడ మీద స్నానాలగదితో సహా ఒక్క గది. ఆ గది ఆమెది. నాన్న బట్టలు కొలిచే టేపుతోనే కొలిచి పంపింది. మూడు గోడలు అంగుళాలతో సహా ఉన్నాయి. కిటికీ ఉంది, మంచం ఉంది, బల్ల ఉంది. తలుపు లేదు.

అతను గీశాడు. నాలుగు వైపులా గోడలు, మధ్యలో మంచం. ఆ ప్లానుని క్లాసు గ్రూపులో పెట్టి కింద ఇలా రాశాడు: డౌట్ గారి గదికి తలుపు లేదు, క్లాసుకి గోడలోంచి దూరి వస్తారని వినికిడి. నలభై మూడు మంది పడి పడి నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. కామా తేడా వస్తే గొడవకి దిగే ఆ పిల్ల ఒక్క మాట కూడా అనలేదు.

అదే రోజు మధ్యాహ్నం మనోబలం సెల్ ఆన్‌లైన్ సన్మాన సభ పెట్టింది. ఏ రోజూ ఫారం వదలని జంటగా ఉత్తమ తోడు సర్టిఫికెట్ వీళ్ళిద్దరికీ వచ్చింది. మ్యూట్ నింపిన లెక్క ప్రకారం ఆ యూనివర్సిటీ మొత్తంలో అందరికంటే ఆనందంగా ఉన్న విద్యార్థిని డౌట్. గులాబీ పువ్వుల అంచుతో సర్టిఫికెట్ చూపిస్తూ మేడమ్, "కెమెరా ఆన్ చేయమ్మా, నీ ఆనందం అందరూ చూడాలి," అంది. తెరమీద ఆమె పేరున్న నల్లటి గడి కదల్లేదు. మేడమ్ కాసేపు చూసి, పాపం నెట్‌వర్క్ అంది. ఆ రోజుల్లో మనిషికి ఏమైనా అందరూ నెట్‌వర్క్ అనేవాళ్ళు.

సాయంత్రం మ్యూట్ మేనమామ ఆ ప్లాను చూశాడు. ఆయన తాపీ మేస్త్రీ. పనులు ఆగిపోయి అక్క ఇంట్లో కూర్చున్నాడు గానీ, నడుముకి స్టీలు టేపు మాత్రం తీయలేదు. నిద్రలో కూడా పక్కమీద తన పొడవు కొలుచుకుంటాడని అక్క అనేది. మేనల్లుడి ఆన్‌లైన్ ఇంజనీరింగు మీద ఆయనకి చాలా గౌరవం. ఈత పాఠాలు ఉత్తరాల్లో నేర్చుకునేవాడి మీద ఎంత గౌరవం ఉంటుందో అంత.

"ఎవరి గదిరా ఇది?"

"మా క్లాసు అమ్మాయిది మామయ్యా. తలుపు మర్చిపోయింది. అందుకే అందరం నవ్వుతున్నాం."

మేస్త్రీ నవ్వలేదు. "నేను ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్నాను. కట్టించుకునేవాళ్ళు కిటికీ మర్చిపోతారు, అలమర మర్చిపోతారు. తలుపు మర్చిపోయినవాళ్ళని చూడలేదు. తలుపు ఎవరు మర్చిపోతార్రా? దాంతో పని లేనివాళ్ళు. ఆ పిల్ల గదిలోంచి బయటికొచ్చి ఎన్నాళ్ళయిందో అడిగావా? అడగవు. నువ్వు ఇంజనీరువి."

మ్యూట్ ఫోన్ తీశాడు. ఆమె నాలుగోసారికి ఎత్తింది.

"తలుపు ఏ గోడకి ఉంది?" అని అడిగాడు.

"తూర్పు గోడకి."

"మరి కొలవలేదేం?"

"దాంతో పనేముంది?"

అతనికి మర్యాద ఎక్కడ జారిపోయిందో తెలీలేదు. "నువ్వు కిందికి దిగి ఎన్నాళ్ళయింది?"

"నలభై ఏడు రోజులు. లెక్కలో డౌట్ లేదు."

తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. మొదట్లో అన్ని క్లాసులూ బుద్ధిగా వినేది. ఒకరోజు డౌట్ అడుగుతూ ఆరు నిమిషాలు మాట్లాడాక, సారు ఎప్పుడో క్లాసు ముగించి వెళ్ళిపోయాడని, తను ఖాళీ తెరతో మాట్లాడుతోందని తెలిసింది. ఆ తర్వాత డౌట్లు రావడం మానేశాయి. డౌట్లతో పాటు నిద్ర, ఆకలి కూడా. ఇంట్లో ఉండే మేనత్త భోజనం పళ్ళెం తెచ్చి పై మెట్టు మీద పెట్టి వెళ్తుంది, సగం తిన్న పళ్ళెం తీసుకెళ్తుంది. నాన్న షాపు ముందునుంచి పోయేవాళ్ళందరికీ మా అమ్మాయి గది తలుపే తీయదు, అంత చదువు అని గొప్పగా చెప్పుకుంటున్నాడు. మూసిన తలుపుని చూసి మురిసిపోయే తండ్రులు ఆ ఏడాది ఇంటికొకరున్నారు.

"గ్రూపులో పెట్టింది తప్పయింది," అన్నాడతను.

"నలభై మూడు మంది నవ్వారు. లెక్కపెట్టాను."

"నలభై నాలుగు. నేను కూడా నవ్వాను."

ఎందుకో ఆ జవాబు ఆమెకి నచ్చింది. శుక్రవారంతో కోర్సు మానేస్తున్నాననీ, దరఖాస్తు రాసి డ్రాఫ్టులో పెట్టాననీ చెప్పింది.

ఇప్పుడు అడగబోయేది అడగడం అతనికి కష్టమే. మైకు ఆఫ్ అయి ఉంటే బాగుండుననిపించింది.

"మానేసేది కోర్సు ఒక్కటేనా?"

"ఆ ప్రశ్న ఫారంలో లేదు."

"లేదు గనకే అడుగుతున్నా."

"ప్రస్తుతానికి కోర్సు ఒక్కటే," అంది. "నిన్న అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో తెలీదు. ఎవరూ అడగలేదు."

మీ నాన్నకి చెప్పమన్నాడు. ఏమని చెప్పాలంది. అదే సర్టిఫికెట్ వచ్చింది కదా, ఆనందంగా ఉన్నానని చెప్పనా అని ఎగతాళి చేసింది. మ్యూట్‌కి ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో తెలీదు. తెలిసింది ఒక్క సర్వేనే. అందుకని అదే మాట్లాడాడు. "రేపు తలుపున్న గోడ కొలువు. ఎల్లుండి మెట్లు. మెట్ల మీద ఒక్కదానివి కొలవలేవు. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. ఆ మనిషికి చెప్పు."

సోమవారం ఆమె తలుపు తీసి గోడ కొలిచింది. వెంటనే మూసేసింది. అతను ప్లాను కలవడం లేదన్నాడు. సర్వేలో బయల్దేరిన చోటికి తిరిగొస్తే అంకెలు సరిగ్గా కలవాలి. మూడంగుళాలు తేడా వస్తోందనీ, గుమ్మం మందం కూడా కొలిస్తే గానీ తేలదనీ చెప్పాడు. అది పచ్చి అబద్ధం. గుమ్మం కొలిచింది. అయితే మెట్ల దగ్గర చదరం కూడా కావాలన్నాడు. అదీ కొలిచింది. ఆ రోజు మొత్తం మీద తలుపు తొమ్మిదిసార్లు తెరుచుకుంది.

మంగళవారం మెట్లు. పదిహేడు మెట్లు, రెండో కొస పట్టుకున్నది నాన్న. కూతురు నలభై తొమ్మిదో రోజున కనపడేసరికి, మొహం చూసి, అంత చదివితే ఇలాగే చిక్కిపోతారమ్మా అన్నాడట. ఎనిమిదో మెట్టు మీద ఆమె కూలబడింది.

"నాన్నా, నేను చదవడం లేదు. ఊరికే కూర్చుంటున్నాను."

టైలరు సున్నా ఉన్న కొస వదల్లేదు. "నేనూ కుట్టడం లేదు తల్లీ. రెండు నెలలుగా ఒక్క గుడ్డ రాలేదు. ఊరికే మిషను తొక్కుతున్నాను. చప్పుడు పైకి వినపడాలని, నువ్వు దిగులు పడకూడదని."

పైన పుస్తకం లేని చదువు, కింద గుడ్డలేని కుట్టు. ఒకరి కోసం ఒకరు రెండు నెలలుగా అంత కష్టపడి ఏమీ చేయకుండా కూర్చున్నారు. ఇద్దరూ అక్కడే ఏడ్చారని, మిగతా తొమ్మిది మెట్లూ అరగంట ఆలస్యమయ్యాయని ఆమె ఫోన్లో చెప్పింది. అతను తొమ్మిది మెట్లకి అరగంట అని ప్లాను మూల రాసుకున్నాడు. దేనికో అతనికే తెలీదు.

ప్రేమతో మనసు జబ్బులు కుదిరిపోతాయని రాసేవాళ్ళున్నారు. వాళ్ళ కథల్లో టైఫాయిడ్ కూడా ముద్దుతో దిగిపోతుంది. ఇక్కడ మాత్రం డాక్టరుంది. బుధవారం పొద్దున టైలరు ఫోన్లో ఒక మానసిక వైద్యురాలిని పట్టుకున్నాడు. ఆవిడ నలభై నిమిషాలు విన్నది. అవును కాదు గడుల్లేకుండా విన్నది. నిద్రకి మందు రాసింది, రోజూ రెండుసార్లు నడవమంది, ప్రతి శనివారం మళ్ళీ మాట్లాడదామంది. ఇదేం ఒక్క వారంలో పోయేది కాదని కూడా చెప్పింది. బస్సు పాసుల మేడమ్ ఆ సంభాషణ వింటే, ఇంతసేపా, లైను పెరిగిపోతుందమ్మా అనేది.

ఆ మధ్యాహ్నం డౌట్ షాపు గుమ్మం దాకా కొలిచి, గుమ్మం మీదే కూర్చుని అంకెలు చెబుతోంది. వీధిలో మునిసిపాలిటీ బండి మైకులో అరుస్తూ పోతోంది. మాస్కు ముక్కు కిందికి జారనివ్వకండి, ముక్కు కూడా మనిషిలో భాగమే అని. మ్యూట్ ఫోన్లో ఆ మాట విన్నాడు. నిమిషం తర్వాత అదే గొంతు, అదే ముక్కు, అతని కిటికీలోంచి వినపడింది.

అతను లేచి నిలబడ్డాడు. "మీ షాపు దగ్గర్లో ఏముంది?"

"నీళ్ళ ట్యాంకు."

"మొదటి స్తంభం మీద ఎవడో గుండె బొమ్మ గీశాడా?"

"రెండు గుండెలు. ఒకదాని మీద సున్నం కొట్టేశారు."

యూనివర్సిటీ ఉన్నది రాత్రంతా రైల్లో పోతే వచ్చే ఊళ్ళో. ఇద్దరి ఇళ్ళూ మాత్రం ఒకే ట్యాంకుకి చెరో పక్క. ఏడాదిగా క్లాసులో ఒకరి మాట ఆకాశంలోకి పోయి, ఏ దేశాలో తిరిగి, అలిసిపోయి, సగం తెగిపోయి పక్క వీధికి చేరుతోంది. కిటికీలోంచి గట్టిగా పిలిచినా పలికేంత దూరం.

"కదలకుండా ఉండే వస్తువు దొరికింది," అన్నాడతను. "ట్యాంకు మొదటి స్తంభం. శుక్రవారం అక్కడిదాకా కొలుస్తావా?"

"బయటికా?"

"బయటికే. రెండో కొసకి మీ నాన్న ఉంటాడు. స్తంభం దగ్గర నేనుంటాను."

ఆమె చూద్దాం అంది. వాళ్ళ భాషలో అప్పటికి అది పెద్ద మాట.

గురువారం పొద్దున్నే మేస్త్రీ, మేనల్లుడు స్టీలు టేపు పట్టుకుని స్తంభం నుంచి టైలరు గేటు దాకా కొలిచారు. మూడు వందల అరవై ఆరు అడుగులు. మేడ వైపు తల ఎత్తకూడదని మ్యూట్ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు నూట పన్నెండో అడుగు దగ్గర చెడింది. కర్టెను కదిలింది. గాలి అయి ఉంటుందన్నాడు మేస్త్రీ, చెట్ల మీద ఒక్క ఆకు కూడా కదలకపోయినా.

సాయంత్రం అతను లెక్క చెప్పాడు. ఆమె టేపు ఐదు అడుగులు. డెబ్బై రెండు టేపులు కొలిస్తే మూడు వందల అరవై. అక్కడ ఆగాలి. అతను స్తంభానికి ఆనుకుని నిలబడతాడు. మధ్యలో ఆరడుగులు ఉంటుంది, సర్కారు రూలు. ఇద్దరికీ మాస్కులు. ఇంత ఏర్పాటు ఏ పెళ్ళిచూపులకీ ఎవరూ చేసి ఉండరు.

శుక్రవారం పది గంటలకి గేటు తెరుచుకుంది.

దూరం నుంచి అతనికి ముందు ఒక వంగిన తల కనపడింది. వెనక ఇంకో వంగిన తల. ఆమె టేపు సాగదీసి సుద్దతో గీత గీస్తుంది, నాన్న వచ్చి ఆ గీత మీద సున్నా పెడతాడు, ఆమె ముందుకి పోతుంది. ఇరవయ్యో టేపు దగ్గర ఆగిపోయింది. గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. స్తంభం దగ్గర మ్యూట్ ఒక అడుగు ముందుకి వేయబోతే మేస్త్రీ చొక్కా పట్టుకున్నాడు.

"ఉండు. కొలిచేవాళ్ళని మధ్యలో పిలిస్తే లెక్క తప్పుతారు."

టైలరు కూడా పిలవలేదు. సున్నా కొస పట్టుకుని గీత మీద గొంతుకూర్చున్నాడు, ఎంతసేపైనా సరే అన్నట్టు. నాలుగు నిమిషాల తర్వాత టేపు మళ్ళీ కదిలింది. యాభయ్యో టేపు దగ్గర చినుకులు మొదలయ్యాయి. పెద్ద వానేం కాదు, ఒక పదిహేను చినుకులు ఉంటాయేమో. వాటిలో పద్నాలుగు మ్యూట్ కళ్ళజోడు మీదే పడ్డాయి.

అందుకే అతనికి దూరం సరిగ్గా తెలీలేదు. డెబ్బై అని వినపడింది. డెబ్బై ఒకటి. ఆమె తల ఎత్తకుండా వస్తూనే ఉంది. డెబ్బై రెండు అని సుద్దగీత గీసింది. గీత అతని చెప్పు మీద పడింది.

ఆమె తల ఎత్తింది. రెండు మాస్కుల మధ్య జానెడు జాగా. వెనక్కి జరుగుదామంటే అతని వెనక స్తంభం.

"మూడు వందల అరవై అన్నావుగా," అన్నాడు మేస్త్రీ. "ఇది మూడు వందల అరవై ఆరు. ఆరడుగులు ఏమయ్యాయి? ఎవరిదయ్యా ఆ టేపు?"

ముప్ఫై ఏళ్ళ టేపు, ఒక్క చొక్కా వెనక్కి రాలేదు అని టైలరు రోషంగా అన్నాడు. మేస్త్రీ స్టీలు టేపు తీసి పక్కన పెట్టాడు. గుడ్డ టేపులో అరవై అంగుళాలు, స్టీలు టేపులో అరవై ఒకటి. ముప్ఫై ఏళ్ళ లాగుడికి అంగుళం సాగిపోయింది. టైలరు మొహం పాలిపోయింది. ఊరందరి ఛాతీలూ ఒక్కసారి ఆయన కళ్ళముందు తిరిగినట్టున్నాయి.

"చొక్కాలన్నీ బాగానే వచ్చాయి నాన్నా," అంది డౌట్. "సాగిన టేపుతోనే కొలిచావు, దాంతోనే కత్తిరించావు. తప్పు దాంట్లో అదే కలిసిపోయింది." మ్యూట్ వైపు చూసింది. "మా యూనివర్సిటీ కూడా అంతే. వాళ్ళ ఫారంతో వాళ్ళే కొలుస్తారు, సర్టిఫికెట్ కత్తిరిస్తారు. సరిగ్గా సరిపోతుంది. బయటినుంచి ఇంకో టేపు తెచ్చి పెడితేనే గొడవ."

"టేపు సాగిందని నీకెప్పుడు తెలిసింది?" అన్నాడతను.

"మొదటి రోజే. నా బాక్సులో స్టీలు స్కేలుంది."

"మరి నేను చెప్పిన మూడంగుళాల తేడా?"

"అది దొంగ తేడా అని కూడా సోమవారమే తెలిసింది. గుమ్మం మందానికీ గది పొడవుకీ ఏం సంబంధం? అబద్ధం చెప్పేటప్పుడైనా కాస్త సర్వే చదువుకోవాలి."

"తెలిసి కూడా ఎందుకు కొలిచావు?"

"తొమ్మిదిసార్లు తలుపు తీయించడానికి అంత చెత్త అబద్ధం ఆడే మనిషి ఎవరా అని డౌట్ వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన డౌట్. వదలబుద్ధి కాలేదు."

"ఇవాళ? ఆరడుగులు మింగేస్తుందని తెలిసే డెబ్బై రెండూ కొలిచావా?"

"నువ్వు డెబ్బై రెండు అన్నావు. నేను డెబ్బై రెండు కొలిచాను. తప్పుంటే గ్రూపులో పెట్టు."

చెప్పదలుచుకున్నదంతా అతను అప్పుడు చెప్పాలి. ఆమె గొంతు కోసం ఆరు రోజులుగా క్లాసులన్నీ ఎగ్గొట్టాడని, తొమ్మిది మెట్లకి అరగంట అని రాసుకున్న కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడని. పెదవులు కదిలాయి. మాస్కు లోపల ఏదో జరిగింది. శబ్దం మాత్రం రాలేదు.

"మ్యూట్‌లో ఉన్నావు," అంది ఆమె.

"నువ్వంటే నాకిష్టం," అన్నాడు. మరీ గట్టిగా వచ్చింది. ట్యాంకు కింద కదా, రెండుసార్లు మోగింది.

టైలరు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ సున్నం కొట్టిన గుండె బొమ్మ వైపు, ఎవడు చేశాడో గానీ ఏమాత్రం పనితనం లేదన్నట్టు చూశాడు.

"నువ్వేమంటావమ్మా?" అన్నాడు టైలరు.

"శనివారాలు డాక్టరు ఫోన్ ఉంటుంది. కొన్ని రోజులు అసలు మాట్లాడను. తలుపు మళ్ళీ వేసుకున్నా వేసుకుంటాను," అంది ఆమె, నాన్నతో కాదు, అతనితో. "అప్పుడు?"

"బయట మెట్టు మీద కూర్చుంటాను. పదిహేడున్నాయిగా."

"దరఖాస్తు డ్రాఫ్టులోనే ఉంది. ఈ డౌట్ తీరేదాకా పంపను. అంతవరకే చెప్పగలను."

టైలరు మెల్లగా లేచి, చేతిలో ఉన్న సున్నా కొసని కూతురికి ఇచ్చాడు. "ఇక నువ్వే పట్టుకో తల్లీ. నాకు నడుం పట్టేసింది." రెండో కొస మ్యూట్ చేతిలో పెట్టి, దాన్ని గట్టిగా లాగొద్దు, ఇప్పటికే సాగింది అని హెచ్చరించాడు. ఆ తర్వాత మేస్త్రీతో కలిసి, చొక్కా కొలవడం కష్టమా గోడ కొలవడం కష్టమా అని వాదించుకుంటూ అవతలికి నడిచాడు.

ఆమె ఫోన్ తీసి ఫారం తెరిచింది. తిన్నారా, నిద్రపోయారా, అన్నీ అతన్ని అడిగి మరీ నింపింది. చివరి ప్రశ్న దగ్గర ఆగింది.

"నవ్వుతున్నావా?"

"నవ్వుతూనే ఉన్నాను. తెలియడం లేదా?"

"మాస్కుంది. చూడందే పెట్టను."

టేపు కొస పట్టుకుని ఆమె వెనక్కి నడిచింది. టేపు బిగిసేదాకా ఐదు అడుగులు, పైన ఒక అంగుళం. అతను కూడా చెయ్యి చాచాడు. ఇంకో అడుగు వెనక్కి వేసింది. ఆరడుగులు.

అతను మాస్కు కిందికి లాగాడు.

ఆమె చాలాసేపు చూసింది. ఏదైనా అంకె ఒకటికి రెండుసార్లు చూసుకునే అలవాటు ఆమెది. తర్వాత అవును అనే గడి నొక్కింది. మనోబలం సెల్ పుట్టిన దగ్గర్నుంచి దాని రికార్డుల్లోకి ఎక్కిన మొట్టమొదటి నిజం అది. మేడమ్ దాన్ని చూసి, ఇన్నాళ్ళూ కాదు అని ఉండి ఒక్కసారిగా అవును ఏమిటని అనుమానపడి, పొరపాటున నొక్కి ఉంటారని కొట్టేసింది.